పాఠం ఇంటికొచ్చింది, గంట ఎవరిస్తారు?

దూరవిద్య స్త్రీలకు వరమని మన సభల్లో తరచు వింటుంటాం. అందులో అబద్ధం లేదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే వెలిసింది. ఇప్పుడది అంబేద్కర్ పేరు మీద ఉంది. కాలేజీ గడప తొక్కే వీలులేని ఎందరో గృహిణులు, చిరుద్యోగినులు అక్కడ డిగ్రీ పుచ్చుకున్నారు. పాఠం ఇంటిదాకా వచ్చింది సరే, దాన్ని చదివే గంట ఎవరిస్తారు? పల్నాడు జిల్లా అచ్చంపేటలో ఒక అమ్మాయిని కలిశాక ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

ఆమె పురుగుమందుల కొట్లో లెక్కలు రాస్తుంది. ఇంటర్ ఎంపీసీ పాసైంది. పైలట్ లైసెన్సుకి రాయవలసిన థియరీ పరీక్షలకు పుస్తకాలు తెప్పించుకుని ఇంట్లోనే చదువుతోంది. వైమానిక నిబంధనలు, నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమాన సాంకేతిక విషయాలు. ప్రతి పేపర్లోనూ 70 శాతం రావాలి. పుస్తకాలన్నీ ఇంగ్లీషే. గాలి పక్కనుంచి తోస్తుంటే విమానం దారి తప్పకుండా ముక్కును ఎన్ని డిగ్రీలు తిప్పాలో లెక్క కట్టడం ఎలాగో, బిల్లు కాగితం వెనక మూడు గీతల త్రిభుజం గీసి నాకు చూపించింది. లెక్కలంటే బెదిరే నాకు కూడా అర్థమైంది. "పేరు మాత్రం రాయొద్దక్కా, ఊళ్ళో నవ్వుతారు" అంది.

కొట్టు మూసేది రాత్రి ఎనిమిదింటికి. ఆ తర్వాత వంట, అంట్లు, మర్నాటికి నీళ్ళు పట్టడం. పుస్తకం తెరిచేసరికి పది దాటుతుంది. తమ్ముడూ పరీక్షలకే చదువుతున్నాడు. అతని దగ్గరికి టీ గ్లాసు వస్తుంది. ఆమె దగ్గరికి "ఇక లైటు ఆర్పవే" అన్న కేక వస్తుంది.

ఆడపిల్ల విమానం నడపడమేమిటని నవ్వేవాళ్ళకు చెప్పడానికి మన దగ్గర చరిత్ర ఉంది. ఎనిమిది విమాన సంస్థలు కాదన్న ప్రేమ్ మాథుర్‌కు 1940ల చివర్లో పైలట్‌గా ఉద్యోగమిచ్చింది హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్. బెజవాడలో పెరిగిన ఆనీ దివ్య 2017లో, ముప్పై ఏళ్ళకే, బోయింగ్ 777 కమాండర్ అయ్యారు. హైదరాబాదు పాతబస్తీ బేకరీ కార్మికుడి కూతురు సల్వా ఫాతిమా పైలట్ అయ్యారు. మన పైలట్లలో స్త్రీలు 15 శాతమని, ప్రపంచ సగటు 5 శాతమేనని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పుకుంది. సంతోషమే. ఆ పదిహేనులో అచ్చంపేటల వాటా ఎంత?

1990ల మధ్యదాకా ఈ లైసెన్సుకి మెట్రిక్ చాలు. ఆ తర్వాత ఇంటర్‌లో ఫిజిక్సు, లెక్కలు తప్పనిసరి చేశారు. ఆడపిల్లకు సీఈసీ చాలులే, దగ్గర కాలేజీలో ఉందిలే అని ఇంట్లో పెద్దలు తీసుకున్న నిర్ణయం పదిహేనేళ్ళ వయసులోనే ఆకాశానికి తలుపు మూసేస్తుంది. ఈ నిబంధన సడలించాలన్న ప్రతిపాదన 2025లో వార్తల్లోకి వచ్చింది. మనం గట్టిగా బలపరచవలసిన ప్రతిపాదన అది.

థియరీ గట్టెక్కినా 200 గంటలు ఎగరాలి. ఖర్చు నలభై, యాభై లక్షలు. శిక్షణ విమానాలు లేచిన రన్‌వే మన పల్నాడులోనే, విజయపురి సౌత్‌లో ఉంది. డబ్బున్న వాళ్ళకది దగ్గర. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా తనఖా అడుగుతాయి. తనఖా అంటే పొలం, పొలం అంటే నాన్న పేరు, రేపు తమ్ముడి పేరు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. నలభై ఏళ్ళయినా ఆ హక్కు కట్నం మాటల్లో కరిగిపోతూనే ఉంది. అందుకే పైలట్ చదువు మన పత్రికకు సంబంధం లేని పెద్దింటి సంగతని నేననుకోను. వంటింటి చాకిరీ, ఆస్తి హక్కు రెండూ ఇక్కడే కలుస్తున్నాయి.

మన సంఘం వాళ్ళు పోయిన నెల ఆ ఇంటికి వెళ్ళి ఈ రెండు సంగతులూ కదిపారు. వారంలో మూడు రాత్రులు వంటా అంట్లూ తాను చూస్తానని తమ్ముడు ఒప్పుకున్నాడు. పొలం మాట ఎత్తగానే తండ్రి కండువా దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు. వచ్చే నెల మళ్ళీ వెళతాం.