గడువు దాటిన అప్పీలు

నెల్లూరు తీరంలో రొయ్యల చెరువుల వాళ్లకీ, వాళ్లకు ఏరేటర్లు, మందులు అమ్మే వ్యాపారులకీ పన్నుల లెక్కలు చూసేది సాధారణంగా టౌనులో ఉండే అకౌంటెంటే. మైపాడులోనో, ముత్తుకూరులోనో ఉన్న యజమాని మెయిల్ తెరవడు, పోర్టల్ చూడడు. తీరా బ్యాంకు ఖాతా స్తంభించిన రోజున తెలుస్తుంది, ఉత్తర్వు వచ్చి నెలలు దాటిందని. 'ఇప్పుడైనా అప్పీలు వేసుకోవచ్చా?' అన్నది అందరి ప్రశ్న. జవాబు అది ఏ పన్ను అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆదాయపు పన్ను అయితే డిమాండ్ నోటీసు అందిన 30 రోజుల్లో కమిషనర్ (అప్పీల్స్) దగ్గరకు వెళ్లాలి. గడువు దాటినా, తగిన కారణం ఉందనుకుంటే ఆయన అనుమతించవచ్చు. ఇన్ని రోజులకు మించి మన్నించరాదన్న హద్దు లేదు. ఆలస్యంగా అప్పీలు వేసి బాగుపడేవాడు మామూలుగా ఉండడని, రోజురోజుకూ లెక్క చెప్పమని పట్టుబట్టకూడదని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. ఎన్ని రోజులన్నది కాదు, కారణం నమ్మేలా ఉందా అన్నదే ముఖ్యమని 1998లో మరో తీర్పులో చెప్పింది.

అలాగని 'పనుల ఒత్తిడి వల్ల' అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఉత్తర్వు సంగతి ఏ రోజు, ఎలా తెలిసిందో అఫిడవిట్‌లో రాయాలి. జబ్బు చేస్తే ఆస్పత్రి కాగితాలు, అకౌంటెంటు చెప్పకపోతే అతని అఫిడవిట్ జతచేయాలి. 2023 డిసెంబరు నాటి మిచౌంగ్ తుపానును కారణంగా చూపితే తేదీలు దానికి సరిపోవాలి. వారం రోజుల తుపానుకు ఆరు నెలల ఆలస్యం అంటగడితే ఎవరూ నమ్మరు. తెలిసిన తర్వాత కూడా ఎన్ని రోజులు కూర్చున్నారన్నది అధికారులు తప్పక చూస్తారు.

జీఎస్టీ దారి వేరు. ఉత్తర్వు అందాక మూడు నెలలు గడువు. కారణం చూపితే ఇంకొక్క నెల. ఆ నాలుగు నెలలూ దాటితే కారణం ఎంత న్యాయమైనదైనా అప్పీలు అధికారికి మన్నించే అధికారం లేదు. 2023 మార్చి 31 వరకు వచ్చిన ఉత్తర్వులపై 2024 జనవరి 31 దాకా కేంద్రం ప్రత్యేకంగా అవకాశమిచ్చింది. మళ్లీ అలాంటిది వస్తుందని కూర్చోలేం.

'హైకోర్టుకు వెళ్తాం' అనేవాళ్లు కాకినాడ కేసు తెలుసుకోవాలి. గ్లాక్సో స్మిత్‌క్లైన్ కన్స్యూమర్ హెల్త్‌కేర్ సంస్థకు వ్యాట్ ఉత్తర్వు 2017 జూన్‌లో అందింది. రాష్ట్ర వ్యాట్ చట్టంలో గడువు 30 రోజులు, మన్నింపు మరో 30 రోజులు. పన్ను వ్యవహారాలు చూసే ఉద్యోగి వల్లే జాప్యం జరిగిందంటూ సంస్థ 2018 సెప్టెంబరులో అప్పీలు వేసింది. దాన్ని తిరస్కరిస్తే హైకోర్టుకెళ్లి గెలిచింది. 2020 మే 6న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చట్టం మూసిన గడువును రిట్ దారిలో తెరవడం కుదరదంది. అంత పెద్ద సంస్థకే అలా అయితే చిన్న వ్యాపారి మాటేమిటి?

అందుకే పోర్టల్‌లో మీ సొంత ఫోన్ నంబరు, మెయిల్ ఇవ్వండి. నెలకోసారైనా ఇంట్లో చదువుకున్న పిల్లల చేత అందులో నోటీసులేమైనా వచ్చాయేమో చూపించండి. ఉత్తర్వు కనబడితే ఆ తేదీని క్యాలెండరులో రాసుకుని, అక్కడి నుంచి రోజులు లెక్కపెట్టండి.