దుంపకు తోడు పప్పు

ఉదయం పూట కడుపు నిండే ఫలహారం అనగానే మన దేశంలో ఎన్నో ఇళ్ళలో ముందుగా గుర్తుకు వచ్చేది బంగాళాదుంప. పంజాబులో అది పరాఠా పొరల నడుమ ఒదుగుతుంది. మథుర, ఆగ్రా వీధులలో బేడ్మీ పూరీ పక్కన కారంకారంగా పొగలు కక్కుతుంది. కర్ణాటకలోను, తమిళనాడులోను మసాలా దోసె మడతలోకి చేరుతుంది. తెలుగువారి ఇంట పూరీకి జతగా పసుపుపచ్చని కూర అవుతుంది.

ఇంతగా మనదైపోయిన ఈ దుంప పుట్టిల్లు మాత్రం మన దేశం కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతాల ప్రజలు కొన్ని వేల ఏళ్ళ క్రితమే దీనిని సాగు చేశారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వారి ద్వారా అది ఐరోపాకు చేరింది. ఆ తరువాత ఐరోపా వర్తకుల ఓడలలో మన తీరానికి వచ్చింది. మరాఠీలో దీనికి ఉన్న ‘బటాటా’ అనే పేరు పోర్చుగీసు వారు విడిచి వెళ్ళినదే. మన కోస్తా జిల్లాలలో బంగాళాదుంప, తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ అంటారు. 1949లో పాట్నాలో ప్రారంభమై 1956లో సిమ్లాకు తరలిన కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ మన నేలలకు తగిన రకాలను రూపొందించింది. కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి వంటివి వాటిలో ప్రసిద్ధమైనవి. నేడు ఈ పంటలో చైనా తరువాతి స్థానం భారతదేశానిదే.

ఆకలి త్వరగా తిరిగి వస్తే

దుంప కడుపు నింపుతుందనడంలో సందేహం లేదు. అయితే కడుపు నిండడం వేరు, పోషణ అందడం వేరు. బంగాళాదుంపలో మూడు వంతులకు పైగా నీరే. మిగిలిన దానిలో ఎక్కువ భాగం పిండిపదార్థం. 100 గ్రాముల దుంపలో మాంసకృత్తులు 2 గ్రాములకు మించవు. మెత్తగా ఉడికిన పిండిపదార్థం తొందరగా జీర్ణమవుతుంది. అందువల్లనే ఉదయం దుంపకూర మాత్రమే దండిగా తిని బడికి వెళ్ళిన పిల్లవాడికి మధ్యాహ్నపు గంట కొట్టకముందే మళ్ళీ ఆకలి వేస్తుంది.

మన పూర్వులు ఈ లెక్కలు వేసి ఉండకపోవచ్చు. కాని వారు దుంపను ఒంటరిగా వడ్డించలేదు. బేడ్మీ పూరీలో మినప్పప్పు ఉంది. దోసె పిండిలోనూ మినప్పప్పు ఉంది. పంజాబు పరాఠా పక్కన పెరుగు తప్పనిసరి. గోధుమల మాంసకృత్తులలో కొరవడే లైసీన్ అనే అంశం పప్పులలోను, పెరుగులోను పుష్కలంగా ఉంటుంది. కనుక ఈ జోడింపులు రుచికోసం మాత్రమే ఏర్పడినట్లు కనిపించినా, శరీరానికి చేసే మేలు తక్కువది కాదు.

మన పూరీకూరలోనూ శనగపిండి వేస్తాము. అయితే నలుగురికి సరిపడే కూరలో పడేది రెండు పెద్ద చెంచాలే. దాని వల్ల ఒక్కొక్కరికి అందే మాంసకృత్తులు ఒక గ్రాముకు కాస్త అటూ ఇటూ మాత్రమే. కూరను చిక్కపరచడానికి అది చాలును గాని, పోషణకు చాలదు. 100 గ్రాముల ఎండు బఠాణీలు చేర్చితే ఒక్కొక్కరికి మరో 5 గ్రాములు అందుతాయి. ఈ దిగువ ఇచ్చిన పద్ధతిలోని విశేషం అదే.

దుంపల ఎంపిక

గట్టిగా, ముడతలు లేకుండా ఉన్న దుంపలను కొనాలి. వెలుతురు సోకి ఆకుపచ్చగా మారిన దుంపలలోను, మొలకలలోను సొలనైన్ అనే విషపదార్థం పెరుగుతుంది. అది ఉడికించినా నశించదు. వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. పచ్చదనం చిన్న మచ్చగా ఉంటే అంతవరకు లోతుగా కోసి పారవేయాలి. దుంప చాలావరకు పచ్చబడినా, చేదుగా తోచినా దానిని పూర్తిగా విడిచిపెట్టడమే క్షేమం. దుంపలను గాలి ఆడే చీకటి చోట ఉంచాలి. పచ్చి దుంపలను ఫ్రిజ్‌లో పెడితే వాటిలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారి రుచి చెడుతుంది, వేయించినప్పుడు నల్లబడతాయి.

కావలసిన పదార్థాలు (నలుగురికి)

బంగాళాదుంపలు: అరకిలో
ఎండు బఠాణీలు: 100 గ్రాములు
ఉల్లిపాయలు: పెద్దవి 3
పచ్చిమిరపకాయలు: 5
అల్లం: అంగుళం ముక్క
శనగపిండి: 2 పెద్ద చెంచాలు
నూనె: 3 పెద్ద చెంచాలు
ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు: ఒక్కొక్క చిన్న చెంచా
పసుపు: పావు చెంచా
నిమ్మకాయ: సగం చెక్క
కరివేపాకు, కొత్తిమీర, ఉప్పు: తగినంత

తయారు చేసే విధానం

బఠాణీలను ముందునాటి రాత్రి నానబెట్టి, ఉదయం మెత్తగా ఉడికించి ఉంచుకోవాలి. దుంపలను కడిగి, తొక్క తీయకుండా, కోయకుండా చన్నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టాలి. ముందే ముక్కలు కోస్తే విటమిన్ ‘సి’ నీటిలో కలిసిపోతుంది, దుంప కూడా నీరు పట్టి చప్పబడుతుంది. మధ్యరకం దుంపలకు 20 నుండి 25 నిమిషాలు పడుతుంది. చల్లారిన తరువాత తొక్క తీసి చేతితో చిదమాలి. పూర్తిగా మెదపరాదు. అక్కడక్కడ ముక్కలు తగులుతుంటేనే రుచి.

నూనె కాగాక శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర వరుసగా వేసి, అవి వేగగానే కరివేపాకు, పచ్చిమిర్చి చీలికలు, అల్లం తరుగు, నిలువుగా తరిగిన ఉల్లిపాయలు వేయాలి. ఉల్లిపాయ మెత్తబడితే చాలు, ఎర్రబడనీయరాదు. పసుపు, ఉప్పు వేసి రెండు గ్లాసుల నీరు పోసి మరగనివ్వాలి. అందులో దుంప, బఠాణీలు వేసి కలపాలి. శనగపిండిని అరగ్లాసు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని ధారగా పోస్తూ కలియబెట్టాలి. పచ్చివాసన పోయేవరకు, అంటే సుమారు ఐదారు నిమిషాలు, సన్నని సెగ మీద ఉడికించాలి. చల్లారేకొద్దీ కూర గట్టిపడుతుంది కనుక కాస్త జారుగా ఉండగానే దించాలి. దించిన తరువాతనే నిమ్మరసం పిండి, కొత్తిమీర చల్లాలి.

పూరీపిండి గట్టిగా కలిపితే నూనె తక్కువ పీలుస్తుంది. నూనె బాగా కాగకముందే పూరీ వేస్తే పొంగదు సరికదా, నూనెను తాగుతుంది. బరువు తగ్గవలసిన వారు, మధుమేహం ఉన్నవారు ఇదే కూరను రెండు పుల్కాలతో, దుంప తగ్గించి బఠాణీలు పెంచి తీసుకోవడం మంచిది.

బఠాణీలు నానబెట్టడం మరచిన రోజున కంగారుపడనక్కర లేదు. ఉడికించిన కోడిగ్రుడ్డు గాని, ఒక కప్పు గట్టి పెరుగు గాని పక్కన పెడితే ఆ లోటు తీరుతుంది.