తన్‌ఖా అడిగితే లాల్చీ, తీసేస్తే కథలో మలుపు!

సీరియల్ నుంచి ఒక నటి మాయమైతే మన ఇళ్లల్లో ముందుగా పడే మాట ఒకటే: "పైసలెక్కువ అడిగి ఉంటది, అందుకే తీసేసిన్రు." ఈ మాట ఎక్కడ పుట్టింది, ఎవరికి ఫాయిదా అని ఎవరూ అడగరు. కరార్‌నామా మీద సంతకాలు పెట్టేది ఇద్దరు. ఒకరి చేతిలో ఛానెల్ ఉంది, ప్రోమో ఉంది, కథను ఎటు కావాలంటే అటు తిప్పే కలం ఉంది. రెండోవాళ్ల దగ్గర మొహం ఒక్కటే ఉంది. ఆ మొహాన్ని కూడా రేపు ఇంకొకరితో బదలాయించొచ్చు. బలం ఎటుందో కనిపిస్తూనే ఉన్నా, బద్నాం మాత్రం ఎప్పుడూ మెహనత్ చేసేవాళ్లకే. ఇదెక్కడి ఇన్సాఫ్?

దోస్తులారా, ఈ దందా ఎట్లా నడుస్తదో తెలవాలంటే రాత్రిపూట సీరియళ్లను ప్రపంచానికి మప్పిన అమెరికాకు పోవాలి. 'డాలస్' 1978లో సీబీఎస్‌లో మొదలైంది. 1980 మార్చిలో జే.ఆర్. యూయింగ్ మీద ఎవరో తుపాకీ పేల్చడంతో ఆ సీజన్ ముగిసింది. కాల్చిందెవరని దునియా అంతా తల బద్దలు కొట్టుకుంటుంటే, ఆ కిర్దార్ వేసిన లారీ హ్యాగ్‌మన్ నా తన్‌ఖా పెంచితేనే వస్తానని భీష్మించుకున్నాడు. మాలిక్‌లు దిగొచ్చారు. ఆ నవంబరులో జవాబు చెప్పిన ఎపిసోడ్‌ను ఒక్క అమెరికాలోనే 8 కోట్ల మందికి పైగా చూశారు. మరి హ్యాగ్‌మన్ లాల్చీనా? ఆ 8 కోట్ల కళ్లను ఇశ్తెహార్లకు అమ్ముకున్న కంపెనీని ఆ మాట ఎందుకనలేదు? తన మొహం మీద వస్తున్న ఆమ్‌దనీలో తన హిస్సా అడగడం లాలచ్ అయితే, మిగతా హిస్సా అంతా దాచుకోవడాన్ని ఏమనాలి?

కానీ హ్యాగ్‌మన్ ఒక్కడే. అతని పక్కన నిలబడ్డవాళ్ల సంగతి చూడండి. అదే సీరియల్‌లో అమ్మ పాత్ర మిస్ ఎల్లీ. గుండె ఆపరేషన్ తర్వాత బార్బరా బెల్ గెడెస్ 1984లో తప్పుకుంటే, ఆస్కార్ తీసుకున్న డోనా రీడ్‌ను ఆ జాగాలోకి తెచ్చారు. ఏడాది తిరిగేసరికి బెల్ గెడెస్ మళ్లీ వస్తానంది. అంతే, రీడ్ బర్తరఫ్. చేతిలో కరార్ ఉండగానే! ఆమె అదాలత్‌కు ఎక్కింది, కంపెనీ డబ్బిచ్చి రాజీ చేసుకుంది. 1986 జనవరిలో కేన్సర్‌తో ఆమె పోయింది. ఆస్కార్ ఉన్న మనిషికే ఇజ్జత్ అంతంతమాత్రమైతే, అత్తగారి వెనక ట్రే పట్టుకుని నిలబడే ఆరో పాత్రకు ఏముంటుంది?

మొహం మారిస్తే జనం ఒప్పుకోరంటారు. అది వట్టి బహానా. 'డైనస్టీ'లో స్టీవెన్ వేసిన అల్ కోర్లీ తన పాత్ర పోకడ నచ్చక తప్పుకున్నాడు. కథలో ఆయిల్ రిగ్ మీద పేలుడు పెట్టి, మొహానికి ఆపరేషన్ చేయించి, జాక్ కోల్‌మన్‌ను తెచ్చి కూర్చోబెట్టారు. అదే మాలిక్‌లకు ఒక మనిషి కావాల్సివస్తే చచ్చినవాడు కూడా లేచొస్తాడు. 'డాలస్'లో 1985లో చంపేసిన బాబీని ఏడాదికి స్నానాలగదిలోంచి నడిపించుకొచ్చి, మధ్యలో నడిచిన ఏడాది కథంతా ఖ్వాబ్ అన్నారు. అంటే కథ ఎప్పుడూ కరార్‌నామాకు నౌకరే. మనం తఖ్‌దీర్ అనుకుని ఏడ్చింది చాలాసార్లు హిసాబ్ కితాబ్.

ఇక ఆడవాళ్ల మీద జరిగే జులుం వేరే బాబు. హంటర్ టైలోను 1996లో 'మెల్‌రోజ్ ప్లేస్'కు తీసుకున్నారు. షూటింగ్ మొదలుకాకముందే తాను గర్భవతినని ఆమె చెప్పింది. నౌకరీ పోయింది. రూపంలో మార్పు రాకూడదనే షరతు కరార్‌లో ఉందని కంపెనీ వాదించింది. కడుపులో బిడ్డ పెరగడం షరతు ఉల్లంఘన అట! 1997 డిసెంబరులో లాస్ ఏంజిలెస్ జూరీ ఆ దలీల్‌ను చెత్తబుట్టలో వేసి, ఆమెకు దాదాపు 49 లక్షల డాలర్లు ఇమ్మంది. సంతకం పెట్టినంత మాత్రాన ప్రతి షరతూ జాయజ్ కాదని ఆ ఫైస్లా చెప్పిన సబక్.

ఇప్పుడు మన దేశానికి రండి. హిందీ సీరియళ్లలో ఈ రోజు చేసిన పనికి 90 రోజుల తర్వాత డబ్బివ్వడం ఏళ్ల తరబడి రివాజు. ఆలోచించండి. నెల కిరాయి 90 రోజులు ఆగుతుందా? కిరాణా దుకాణం ఆగుతుందా? రోజుకూలీ లెక్కన పనిచేసేవాళ్లు కోట్లు తిప్పే కంపెనీకి మూడు నెలల ఉధార్ ఇస్తున్నారన్నమాట, అదీ వడ్డీ లేకుండా. నిర్మాత మధ్యలో చేతులెత్తేస్తే ఆ ఉధార్ గాలికి. 2008 నవంబరులో టెక్నీషియన్లు, నటులు కలిసి పని బంద్ చేస్తే ఛానెళ్లు పాత ఎపిసోడ్లు వేసుకుని నడిపించాల్సివచ్చింది. ఇన్నేళ్లయినా ఆ 90 రోజుల పీడ ఇంకా పోలేదు.

'తారక్ మెహతా కా ఉల్టా చష్మా' కామెడీ సీరియలే కావొచ్చు, నౌకరీ మాత్రం అదే. 14 ఏళ్లు చేసి 2022లో వెళ్లిపోయిన శైలేశ్ లోఢా తనకు రావాల్సిన బకాయి కోసం ఎన్‌సీఎల్‌టీ గడప ఎక్కాడు. కంపెనీల దివాలా చూసే అదాలత్ అది. 2023లో కోటి రూపాయల పైచిలుకు మీద రాజీ కుదిరింది. అంత పేరున్న మనిషికే ఆ దారి పట్టాల్సివస్తే, నాలుగు డైలాగులు చెప్పే పిల్ల వకీలు ఫీజు ఎక్కణ్నించి తెస్తుంది?

రెండో దోపిడీ కంటికి కనపడదు. 'బాలికా వధూ' తెలుగులో 'చిన్నారి పెళ్ళికూతురు'గా మన ఇళ్లకొచ్చింది. ఒకసారి తీసిన సరుకు, ఇంకో జబాన్‌లో ఇంకో బజారు. రీరన్‌లు వేరే, మొబైల్ యాప్‌లు వేరే. అమెరికాలో రీరన్ వేస్తే నటుడికి హిస్సా ఇచ్చే పద్ధతి 1950లలోనే యూనియన్ కొట్లాడి సాధించింది. మన దగ్గర 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే కళాకారుడికి రాయల్టీ హక్కుందని రాశారు. ఖానూన్ కాగితం మీద ఉంది. సీరియల్ నటుల జేబులోకి మాత్రం దిగలేదు.

"లక్షలు తీసుకునేవాళ్ల కోసం నీకెందుకయ్యా కన్నీళ్లు?" అనేవాళ్లుంటారు. లక్షలు తీసుకునేది పోస్టర్ మీదున్న ఇద్దరు ముగ్గురు. వాళ్లను చూపించి మిగతావాళ్ల మజ్దూరీని దాచడం పాత చాల్. ఇంకొకటి కూడా అంటారు: "మధ్యలో ఒకరు వదిలేసిపోతే సెట్ మీద వందమంది రోటీ పోదా?" నిజమే, పోతుంది. అందుకే ముందస్తు నోటీసు ఉండాలంటున్నాను, అదీ రెండువైపులా. నటుడు నోటీసివ్వకుండా పోతే నేరమైతే, కంపెనీ రాత్రికి రాత్రి తీసేయడం కూడా నేరమే. తరాజుకు రెండు పళ్లేలుండాలి.

మరి దారేంటి? ఎలెన్ పాంపియో చెప్పిన సంగతి వినండి. 'గ్రేస్ అనాటమీ'లో తన జోడీ పాట్రిక్ డెంప్సీని కలిసి బేరమాడదామని అడిగితే అతను ముందుకు రాలేదట. నువ్వు లేకపోయినా అతనున్నాడంటూ కంపెనీ ఆమెను దబాయించడానికి అతన్నే వాడుకుందట. 2015లో అతను వెళ్లిపోయాక ఆ పప్పులుడకలేదు. 2018లో ఆమె ఏడాదికి 2 కోట్ల డాలర్ల కరార్ చేసుకుని, ఆ అంకెను పబ్లిగ్గా బయటపెట్టింది. ఒకరి తన్‌ఖా ఇంకొకరికి తెలవనంత కాలం మాలిక్‌దే రాజ్యమని ఆమెకు అర్థమైంది.

అడగాల్సింది చంద్రుణ్ని కాదు. 30 రోజుల్లో మజ్దూరీ. తీసేయాలన్నా పోవాలన్నా ఒకే నోటీసు. గర్భానికీ బీమారీకీ రక్షణ. డబ్బింగుకూ రీరన్‌కూ హిస్సా. ఇవి స్టార్ల కోసమే కాదు. వాళ్లకంటే ముందు, పేరు కూడా టైటిళ్లలో సరిగా కనపడనివాళ్ల కోసం.

మన జిమ్మేదారీ చిన్నదే. ఈసారి ఒక మొహం మాయమైనప్పుడు "ఎంత అడిగిందో" అనకండి. "ఎంత బాకీ పెట్టిన్రో" అని అడగండి.