వ్రేలాడే చర్మానికి లేపనం లేదు

అధిక బరువును తగ్గించుకొన్నవారి ఒంటి మీద వదులై మిగిలిపోయే చర్మాన్ని గురించి మన ఇండ్లలో ఎవరూ పెద్దగా మాట్లాడరు. బరువు తగ్గగానే అందరూ అభినందిస్తారు. చీర మాటున, చొక్కా మాటున మిగిలిన బాధ ఆ మనిషికే తెలుసు. ఇటీవల కొందరు శస్త్రచికిత్సతో ఆ చర్మాన్ని తీయించుకొంటున్నారు. "దేవుడిచ్చిన ఒంటిని కోయించుకోవడమేమిటండీ?" అని పెద్దలూ, "దీనికి మీ దగ్గర తైలమేదైనా ఉన్నదా?" అని పిన్నలూ నన్ను అడుగుతుంటారు. ఇరువురికీ నా అభిప్రాయం విన్నవించుకొంటున్నాను.

ముందుగా నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. ఖమ్మం నుండి ఒక ఉపాధ్యాయురాలు భద్రాచలం దారిలోని మా వైద్యశాలకు వచ్చారు. ఏడాదిన్నరలో 104 కిలోల నుండి 66 కిలోలకు తగ్గారు. పొత్తికడుపు చర్మం మడతపడి తొడల మీదికి జారింది. మా ప్రాంతపు ఎండలు తెలిసినవే. మడత క్రింద చెమట నిలిచి, ఒరుసుకొని, పుండ్లు పడేవి. వాసన వస్తుందేమోనని ఆమె తరగతిలో పిల్లలకు దూరంగా నిలబడేవారట. నేను తైలమిచ్చాను, నలుగు చెప్పాను. ఎనిమిది నెలలు గడిచాయి. పుండ్లు కొంత మానాయి గాని చర్మం అంగుళమైనా పైకి పోలేదు. చివరకు ఆమె, "ఆచార్యులు గారూ, పథ్యంలో నేనే ఎక్కడో తప్పి ఉంటానండీ" అన్నారు. ఆ మాట ఈనాటికీ నన్ను గ్రుచ్చుతూనే ఉన్నది. తప్పినది ఆమె కాదు, నేను. సాధ్యాసాధ్యాలు ఎరిగి చికిత్స ఆరంభించవలెనన్నది గురుకులంలో మా గురువుగారు మొదట నేర్పిన పాఠం.

చర్మం ఎందుకు బిగియదు?

చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో అతిస్థూలుని, అతికృశుని పక్కపక్కనే నిలిపి వివరించారు. అడవి అంచున ఉన్న నా వైద్యశాలకు ఇద్దరూ వస్తారు. ఏజెన్సీ పల్లెల నుండి రక్తం చాలక పాలిపోయినవారు, పట్టణాల నుండి మేదస్సు పెరిగినవారు. అతిస్థూలునికి చరకుడు చెప్పిన ఎనిమిది దోషాలలో చెమట బాధ, దుర్గంధం కూడా ఉన్నవి. యవలు, పెసలు, ఉలవలు, త్రిఫల, రూక్షమైన నలుగు మొదలైన ఉపాయాలు అక్కడే ఉన్నవి. అయితే అవన్నీ మేదస్సును తగ్గించడానికి. మేదస్సు కరిగిన తరువాత ఖాళీ అయిన చర్మాన్ని బిగించే తైలం ఆ అధ్యాయంలో లేదు.

కారణం కఠినమైనది కాదు. చర్మానికి బిగువునిచ్చేవి కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులు. ఏళ్ల తరబడి సాగదీసిన రబ్బరు నాడా వదిలినా మునుపటివలె ముడుచుకోదు కదా! ఐదారు కిలోలు తగ్గిన యువకుని చర్మం క్రమంగా సర్దుకొంటుంది. ముప్పై నలభై కిలోలు తగ్గినవారికి, అందులోనూ వయసు మళ్లినవారికి, ఆ ఆశ స్వల్పం. వ్యాయామం కండరాన్ని పెంచుతుంది గాని మిగిలిన చర్మాన్ని తగ్గించదు.

శల్యతంత్రం పరాయిది కాదు

కోత మన సంప్రదాయానికి విరుద్ధమనేవారు సుశ్రుత సంహిత సూత్రస్థానం 16వ అధ్యాయం చూడాలి. తెగిన ముక్కుకు ఆకుతో కొలత తీసుకొని, చెంప చర్మంతో కొత్త ముక్కును అతికే విధానం అందులో ఉన్నది. పూనా ప్రాంతంలో నుదుటి చర్మంతో ముక్కును నిర్మించిన వృత్తాంతం 1794లో లండన్ పత్రిక జెంటిల్మన్స్ మాగజైన్‌లో వెలువడింది. అది చదివిన కార్ప్యూ అనే వైద్యుడు 1814లో అక్కడ ఆ చికిత్స చేశాడు. చర్మాన్ని కోసి కుట్టే విద్య మన ఇంటి నుండి వెళ్లినదే.

అయినా ఒక హెచ్చరిక. కొవ్వును పీల్చివేసే లైపోసక్షన్ వేరు, చర్మాన్ని తొలగించే శస్త్రచికిత్స వేరు. మొదటిదానితో వదులు చర్మం పోదు. ఏదీ బరువు తగ్గే మార్గం కాదు. మన తెలుగు చిత్రాల నటి ఆర్తి అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో 31 ఏళ్లకే మరణించారు. అంతకు కొద్ది వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకొన్నారు. మరణానికి అదే కారణమని నేను తీర్పు చెప్పను. ఇట్టి చికిత్సలను క్షౌరశాలకు వెళ్లినంత తేలికగా తలచరాదని మాత్రం చెబుతాను.

మూడు కర్మలు

సుశ్రుతుడు శస్త్రచికిత్సను పూర్వ, ప్రధాన, పశ్చాత్ కర్మలుగా విభజించాడు. ఆ క్రమం ఇక్కడ చక్కగా వర్తిస్తుంది.

పూర్వకర్మ: బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉండాలి. జీర్ణాశయ శస్త్రచికిత్సతో తగ్గినవారు ఏడాది, ఏడాదిన్నర ఆగాలి. మధుమేహం అదుపులో ఉండాలి. చుట్ట, బీడీ, గుట్కా ముందే మానాలి, లేకుంటే గాయం మానదు. పప్పు, పెరుగు, గ్రుడ్డు వంటి మాంసకృత్తులు తగినంత తినాలి. ఇంకా పిల్లలు కావాలనుకొనే స్త్రీలు కాన్పుల తరువాతనే ఆలోచించడం మేలు. నేనిచ్చిన గుగ్గులుతో సహా వాడుతున్న ప్రతి మూలికనూ శస్త్రవైద్యునికి చెప్పి తీరాలి. కొన్ని మూలికలు రక్తస్రావాన్ని పెంచవచ్చును.

ప్రధానకర్మ: అర్హతగల ప్లాస్టిక్ సర్జన్ చేత, అత్యవసర సౌకర్యాలున్న ఆసుపత్రిలోనే జరగాలి. నీరు చేరడం, కుట్లు విడిపోవడం, కాలి సిరలలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం వంటి ప్రమాదాలున్నవి. పొడవైన మచ్చ శాశ్వతం. అందం కొరకు చేసేదానికి బీమా సాధారణంగా వర్తించదు గనుక ఆ సంగతి ముందే లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి.

పశ్చాత్కర్మ: మెల్లగా నడక, నడుము పట్టీ, కొన్ని వారాలు బరువులెత్తకపోవడం. కుట్లు పూర్తిగా మానేవరకు వైద్యుడు చెప్పనిదే ఏ తైలమూ, పసుపూ పూయరాదు.

ఇంటిలో చేయదగినది

శస్త్రచికిత్స వద్దనుకొన్నవారు మడతలను వేపాకు వేసి కాచి చల్లార్చిన నీటితో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, పలుచని నూలుగుడ్డను మడతలో ఉంచి తరచు మార్చాలి. పుండు చీము పట్టినా, జ్వరం వచ్చినా, ఎరుపు వ్యాపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. ఇప్పుడే బరువు తగ్గదలచినవారు ఆత్రపడక మెల్లగా తగ్గడం మంచిది. ఉలవపిండి నలుగు చర్మాన్ని శుభ్రపరుస్తుంది. అంతకు మించి దాని నుండి ఆశించవద్దు.

ఆ ఉపాధ్యాయురాలిని నేనే హైదరాబాదుకు పంపాను. మూడు నెలల తరువాత వచ్చి, "మచ్చ ఉన్నదండీ, పుండు లేదు" అన్నారు. మడత క్రింద పుండ్లతో బాధపడేవారిది సోకు కాదు, వ్యాధి. వారిని ఇంటివారు ఎగతాళి చేయవద్దు. తోటి వైద్యులు తైలం సీసాతో వారి కాలాన్ని, ధనాన్ని హరించవద్దు. మన శాస్త్రం చేయలేనిదాన్ని చేయలేదని చెప్పడం వలన శాస్త్రగౌరవం తగ్గదు.