యాంప్లిఫయర్ల జోడు

మాచారెడ్డిలో పెండ్లి గాని, పండుగ గాని, ఎన్నికల సభ గాని మైకుసెట్టు లేనిదే జరుగదు. అహుజా అన్న పేరు ఎరుగని పిల్లవాడు మన పల్లెలలో అరుదు. 1940లో ఢిల్లీలో ఆరంభమైన ఆ సంస్థ వారి పెట్టెలలో చాలావాటియందు, మైకు నుండి వచ్చే సన్నని సంకేతాన్ని దిద్ది పెంచే ప్రీయాంప్లిఫయరు, దానికి బలమిచ్చి స్పీకర్లను మోగించే పవర్ యాంప్లిఫయరు కలిసే ఉంటాయి. కావున ఆ రెండింటికీ పొత్తు కుదిరినదా లేదా అన్న ప్రశ్న మనకు చాలాకాలం పుట్టనే లేదు. రెండింటినీ వేర్వేరుగా కొన్నప్పుడే చిక్కు.

మా చిక్కు గడచిన వార్షికోత్సవం నాడు బయటపడింది. ధ్వని చాలడం లేదని ఒక దుకాణదారు సలహాపై రెట్టింపు వాట్ల పవర్ యాంప్లిఫయరు తెచ్చాము. దానిని, ఇంట్లో పాటలు వినడానికై చేసిన పాత ప్రీయాంప్లిఫయరుకు తగిలించాము. నాబు చివరంటా త్రిప్పితే బుస, బొంగురు వచ్చాయే తప్ప మాట పెరుగలేదు. ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని చదివిన నజ్మ్‌లో ఖే, గైన్ ఏకమైపోయాయి. తరువాతి తెలుగు పద్యంలో శ, ష, స లకు భేదమే లేదు. ఆ బాలిక ఎన్ని దినాలు ఉచ్చారణ దిద్దుకొన్నదో మేమెరుగుదుము. వెనుక వరుసలవారు నవ్వారు. ఆ నవ్వు తగలవలసింది ఆమెకు కాదు, కొనుగోలు కాగితంపై సంతకం చేసిన మాకు. తెలుగు బోధించేవారికి ఈ తీగల గొడవ ఏల అని అడిగేవారికి మా సమాధానం అదే.

వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్ళు మాత్రమే. చెవికి రెట్టింపుగా తోచాలంటే సుమారు పదిరెట్ల వాట్లు కావాలి. అసలు లోపం మరొకచోట ఉంది. గృహోపయోగ సామగ్రి సంకేతానికి వాడుకలో ఉన్న ప్రమాణం సుమారు 0.32 వోల్టులు, సభా వేదికల సామగ్రికి 1.23 వోల్టులు. దాదాపు నాలుగింతల తేడా. పవర్ యాంప్లిఫయరు తన పూర్తి బలం చూపడానికి ఎన్ని వోల్టులు కోరుతుందో దానినే సెన్సిటివిటీ అంటారు. ముందరి పెట్టె అంత ఇవ్వలేకపోతే దానిని శక్తికి మించి నెట్టవలసి వస్తుంది. ధ్వని తరంగాల శిఖరాలు తెగిపడతాయి. అవసరానికి మించి ఇస్తే నాబు కాస్త కదిలినంతనే హోరు.

‘ఒకే కంపెనీవి కొంటే సరి’ అని కమిటీ పెద్దలొకరు సెలవిచ్చారు. క్షేమమైన మార్గమే, కాని సంపూర్ణం కాదు. ఇంగ్లండులోని క్వాడ్ వారి సంగతి చూడండి. 1953లో వచ్చిన వారి వాల్వుల యాంప్లిఫయరు క్వాడ్ టూ 15 వాట్లది, అందుకు 1.4 వోల్టులు కోరుతుంది. 1959లో వచ్చిన 22 అనే ప్రీయాంప్లిఫయరు సరిగా అంతే ఇస్తుంది, తనకు కావలసిన విద్యుత్తును కూడ దాని నుండే గ్రహిస్తుంది. 1967లో ట్రాన్సిస్టర్లతో 33, 303 అనే జంట వచ్చింది. 33 ప్రమాణ సంకేతం అర వోల్టు. శక్తి వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, ఆ అర వోల్టే అందితే క్వాడ్ టూ నుండి రెండు వాట్లయినా రావు. పాత 22ను క్రొత్త 303కు తగిలించబోతే, దానికి విద్యుత్తు ఇచ్చే దిక్కే లేదు. ఇంటిపేరు ఒకటే, తరాలు వేరు.

ఇక ఇంపిడెన్సు సంగతి. పవర్ యాంప్లిఫయరు ప్రవేశ ఇంపిడెన్సు ముందరి పెట్టె నిర్గమ ఇంపిడెన్సుకు కనీసం పదిరెట్లుంటే దిగులు లేదు. నేటి సామగ్రిలో ఇది తరచు కుదిరే ఉంటుంది.

కమిటీవారికి మా మనవి ఇది. ఇకమీదట వాట్ల సంఖ్య చూసి డబ్బు చెల్లించవద్దు. రెండు పెట్టెల వోల్టులు, ఇంపిడెన్సులు కాగితంపై వ్రాయించండి. పెట్టెలను మన హాలుకే తెప్పించి, ఒక ఉర్దూ విద్యార్థి చేత, ఒక తెలుగు విద్యార్థి చేత చదివించి, చివరి వరుసలో కూర్చుండి విన్న తరువాతనే బిల్లు చెల్లించండి. అందుకు ఒప్పుకోని దుకాణదారుని వదలి, కామారెడ్డి బజారులో మరొకరిని అడగవచ్చు.

మరొక్క సంగతి. వేదికల కొరకు చేసే పవర్ యాంప్లిఫయర్లలో అనేకం వెనుకవైపు సెన్సిటివిటీ మార్చే చిన్న స్విచ్చు కలిగి ఉంటాయి. మేము కొన్నదానికి అది ఉన్నదో లేదో ఇంతవరకు ఎవరమూ త్రిప్పి చూడలేదు. శనివారం సాయంకాలం చూడబోతున్నాము. విజ్ఞాన శాస్త్ర విద్యార్థులు ఒకరిద్దరు టార్చిలైటుతో వస్తే మేలు.