విమానదూరము - మన దూరము

గణితము అబద్ధమాడదు. కాని చేర్చవలసిన అంకెను విడిచినచో సరియైన లెక్కయు మనలను మోసగించును.

కొన్నాళ్ల క్రిందట తరగతిలో ఒక లెక్క ఇచ్చితిని. ముంబై నుండి హైదరాబాదునకు ఆకాశమార్గమున సుమారు 620 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల వేగముతో పోవు విమానమునకు ఎంతకాలము పట్టును? పిల్లలందరు ఇంచుమించు 47 నిమిషములని సరిగా వ్రాసిరి. ఒక బాలుడు మాత్రము లేచి, "సార్, గంటలోపే పోవచ్చునంటే, మా బాపమ్మ పోయినప్పుడు మా బాపు కడచూపుకు ఎందుకు అందలేదు?" అని అడిగెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఇప్పుడు చెప్పుచున్నాను.

మొదటి సంగతి: విమానము బయలుదేరినది మొదలు దిగువరకు ఒకే వేగముతో పోవునది కాదు. నేలపై మెల్లగా నడిచి, తన వంతుకై వేచి, పైకెక్కి, మరల వేగము తగ్గించుకొని దిగవలెను. అందుచేతనే ప్రయాణపట్టికలో ఈ దూరమునకు ఇంచుమించు గంటన్నర చూపుదురు.

రెండవ సంగతి: మన ప్రయాణము విమానాశ్రయములో మొదలు కాదు, భివండిలోని మన గడపవద్ద మొదలగును. థానే రద్దీని దాటి విమానాశ్రయము చేరుటకు రెండు గంటలు, అక్కడ ముందుగా ఉండవలసినది రెండు గంటలు, ప్రయాణము గంటన్నర, శంషాబాదులో దిగి బస్సు దొరకుటకు ఒక గంట, అటనుండి సిరిసిల్లకు నాలుగు గంటలకు పైన. మొత్తము పదిగంటలు దాటినది! అర్ధరాత్రి కబురు వచ్చినచో తెల్లవారువరకు వేచియుండు కాలము వేరు. ఇక టిక్కెట్టు ధర యెన్ని దినముల సాంచెకూలియో మీ తలిదండ్రులనే అడుగుడు.

కావున మనకు కావలసినది ఇంకను వేగముగా పోవు విమానము కాదు. మన ఊళ్లకు దగ్గరగా దిగు విమానము. ఓరుగల్లు చెంత మామునూరులో నిజాము కాలమున నిర్మించిన విమానాశ్రయము దశాబ్దములుగా మూతపడియుండగా, దాని పునరుద్ధరణకు 2025లో కేంద్రప్రభుత్వము అనుమతించినది. అట్టివి మన దూరమును నిజముగా తగ్గించును.

విద్యార్థులారా! ఆలస్యముగా చేరిన తండ్రికి ప్రేమ తక్కువయని తలంపకుడు. ఆయన లెక్కలో మీ పుస్తకములో లేని అంకెలు అనేకము కలవు. తలిదండ్రులారా! ఆ అంకెలను పిల్లలకు దాచక చెప్పుడు. సాంచెలు ఆగు పండుగ దినములలో, చెడుకబురు రాకముందే, వారిని వెంటబెట్టుకొని అవ్వతాతలను చూచి రండు. ఆ ప్రయాణమునకు ఒక రాత్రి బస్సు చాలును.