జట్టంతా వస్తేనే పాయింటు

మెల్‌బోర్న్‌లో మేం ఆడే రోగెయినింగ్‌లో ఒక నిబంధన ఉంది. జట్టులో ఇద్దరున్నా ఐదుగురున్నా, బయలుదేరిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా ఒకరి కేక ఒకరికి వినపడేంత దూరంలోనే ఉండాలి. అడవిలో ఏ గుర్తు దగ్గరికి వెళ్లినా అందరూ కలిసే వెళ్లాలి. ముందు ఉరికినవాళ్లకు విడిగా దక్కేదేమీ లేదు. ఒకరికి కాలు బెణికి ఆట ఆపాల్సి వస్తే జట్టు మొత్తం వెనుదిరగాలి.

ఈ ఒక్క నిబంధన కోసమైనా ఈ ఆట మన ఊళ్లకు రావాలి. ఇంటర్ ఫలితాల రోజు టీవీల్లో గుక్క తిప్పుకోకుండా ర్యాంకులు చదివే ప్రకటనల మధ్య మా అక్క పిల్లలు పెరిగారు. హాస్టల్ గదిలో నలుగురుంటే నలుగురూ ఒకరికొకరు పోటీ. పక్క మంచం పిల్ల జ్వరంతో పరీక్ష సరిగా రాయకపోతే తన ర్యాంకు ఒకటి పైకి జరుగుతుందని పదహారేళ్ల పిల్ల లెక్క వేసుకునే చదువు అది. పిల్ల చెడ్డదై కాదు, ఆ లెక్క మనం నేర్పాం. అలాంటి నలుగురి చేతికి ఒకే పటం ఇచ్చి, నలుగురూ కలిసొస్తేనే మీ పాయింట్లు చెల్లుతాయి అని చెప్పే చోటు ఒక్కటైనా ఉండాలని నా పోరు.

ఆట ఏమిటో చెబుతాను. గుట్టల మీద, వాగుల వెంట నిర్వాహకులు తెలుపు, నారింజ రంగుల చిన్న గుడ్డ గుర్తులు ముందే వేలాడదీసి ఉంచుతారు. దగ్గరవాటికి తక్కువ పాయింట్లు, దూరాన ఉన్నవాటికీ కనిపెట్టడం కష్టమైనవాటికీ ఎక్కువ. మన దగ్గర ఉండేవి పటం, దిక్సూచి. ఫోను చూడకూడదు, జీపీఎస్ వాడకూడదు. ఏ గుర్తుకు ముందు వెళ్లాలి, దేన్ని వదిలెయ్యాలి అనేది జట్టు ఇష్టం. చెప్పిన వేళకు తిరిగి రావాలి. ఆలస్యమైతే నిమిషాల చొప్పున కోత, అరగంట దాటితే మొత్తం సున్నా. పెద్ద పోటీలు 24 గంటలు సాగుతాయి, మాలాంటి వాళ్లకు 6 గంటలవి ఉన్నాయి.

పటం పట్టుకుని అడవిలో దారి వెతికే పోటీ, అంటే ఓరియంటీరింగ్, నార్వే, స్వీడన్ల ఆట. 1897 అక్టోబరు 31న నార్వేలో తొలి బహిరంగ పోటీ జరిగింది. ఫిన్లండ్‌లో 1949 నుంచి నడుస్తున్న జుకోలా రిలేలో పురుషుల జట్టుకు ఏడుగురు, రాత్రంతా వంతులవారీగా పరిగెత్తుతారు. అక్కడ జట్టు ఉన్నా, అడవిలో ఉండేది ఎప్పుడూ ఒక్కరే. అందరూ కలిసి నడిచే పద్ధతి ఆస్ట్రేలియాది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయపు పర్వతారోహణ క్లబ్బు 1947లోనే 24 గంటల నడక పోటీ పెట్టింది. 1976లో అది రోగెయినింగ్‌గా స్థిరపడింది. తొలి ప్రపంచ పోటీ 1992లో ఇదే విక్టోరియా రాష్ట్రంలోని బీచ్‌వర్త్‌లో జరిగింది.

మా జట్టు నలుగురం. పదో తరగతి చదివే మా అబ్బాయి, నేను, మా పక్కింటి తెనాలి వదిన, ఆవిడ భర్త. మేముండే టార్నీట్ నుంచి కారులో కాసేపు పోతే యూ యాంగ్స్ గుట్టలు వస్తాయి. సాధన అంతా అక్కడే. భువనగిరిలో పుట్టినదాన్ని కదా, మైదానం మధ్యలో లేచిన ఆ గ్రానైటు బండలు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మాథ్యూ ఫ్లిండర్స్ అనే నావికుడు 1802 మే 1న ఆ గుట్టల్లో ఎత్తైనదాన్ని ఎక్కి చుట్టూ చూశాడు, ఇప్పుడు ఆ శిఖరానికి అతని పేరే. అదే ఏడాది ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర గొలుసు పరిచి, మన దేశాన్ని కొలిచే పని మొదలుపెట్టాడు. ఒక్క నెల తేడాలో ఇక్కడా అక్కడా పటం గీసే పనే జరిగిందన్న సంగతి తెలిసినప్పటి నుంచి ఆ గుట్ట ఎక్కినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది.

ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. నీడను చూసి దిక్కు చెప్పే మన అలవాటు ఇక్కడ తలకిందులవుతుంది. మన దేశంలో కొన్న దిక్సూచి కూడా ఇక్కడ సరిగా ఆడదు. భూమి అయస్కాంత శక్తి ముల్లు దక్షిణపు కొసను కిందికి గుంజుతుంది, అది అడుక్కి రాసుకుని ఆగిపోతుంది. ఇక్కడి లెక్కకు తూచి చేసినది వేరే కొనుక్కోవాలి.

సాధన అంటే పరుగు అనుకుంటారు. మేం ఎక్కువగా చేసింది చదవడం. పటం మీద గోధుమరంగు గీతలు ఎత్తును చెబుతాయి. దగ్గర దగ్గరగా ఉంటే నిటారు, ఎడంగా ఉంటే చదును. ఆ గీతలు ఎత్తు వైపు గుచ్చుకున్నట్టు వంగితే అక్కడ ఒర్రె ఉంది, పల్లం వైపు వంగితే గుట్ట ముందుకు పొడుచుకొచ్చింది. మా అబ్బాయి ముందు నడుస్తూ, ఏది రాబోతోందో కనపడక ముందే చెప్పాలి. "ఇంకో రెండొందల మీటర్లకు ఎడమ నుంచి చిన్న ఒర్రె వచ్చి కలవాలి." మేం వెనక అడుగులు లెక్కపెట్టుకుంటూ వస్తాం. ఒర్రె వస్తుంది. ఆ నిమిషాన వాడి మొహంలో కనపడే వెలుగు ఏ మార్కుల కాగితం చూసినప్పుడూ నాకు కనపడలేదు.

ఇంకో మెళకువ నాకు బాగా నచ్చింది. గుర్తు ఒర్రె ఒడ్డున ఉందనుకోండి. దిక్సూచి పెట్టి నేరుగా దానికే గురిపెడితే చెట్లు తప్పుకుంటూ, బండలు చుట్టుకుంటూ ఎలాగూ కాస్త పక్కకు పోతాం. ఒర్రె తగిలాక గుర్తు కుడివైపుందో ఎడమవైపుందో తెలియదు. అందుకని మొదటే కొంచెం ఎడమకు గురిపెట్టాలి. ఒర్రె తగలగానే అనుమానం లేకుండా కుడికి తిరిగితే చాలు.

పోటీ చలికాలం చివర్లో, కాసిల్‌మేన్ దగ్గరి అడవిలో జరిగింది. ఎటు చూసినా జామాయిల్ జాతి చెట్లే. బెరడు నల్లగా, నాగలితో దున్నినట్టు చాళ్లు చాళ్లుగా ఉంటుంది. కింద మన తుమ్మకు దూరపు చుట్టమైన వాటిల్ పచ్చగా పూసి ఉంది. 1851లో ఇక్కడ బంగారం దొరికి జనం విరగబడ్డారు. వాళ్లు తవ్విపోసిన మట్టి దిబ్బలు, మూత లేని గుంతలు ఇప్పటికీ ఉన్నాయి. అందుకే ఎక్కడ అడుగు వేస్తున్నామో చూసుకుని నడవమని బయలుదేరే ముందే గట్టిగా హెచ్చరించారు.

పటాలు ముందుగా ఇచ్చి ఆలోచించుకోవడానికి సమయం ఇస్తారు. మేం కారు బానెట్ మీద పరిచాం. వదిన కుట్టుపెట్టెలోంచి ఎర్ర దారం, గుండుసూదులు తెచ్చింది. ఆ పటంలో 4 సెంటీమీటర్లు నేల మీద కిలోమీటరు. ఆరు గంటల్లో మా నలుగురం 18 కిలోమీటర్లు నడవగలమని తేల్చుకుని, 72 సెంటీమీటర్ల దారం కత్తిరించింది. ఆ దారాన్ని సూదుల చుట్టూ తిప్పుతూ, ఒక గుర్తు కలిపితే ఇంకోటి వదిలేస్తూ, మళ్లీ తీస్తూ చాలాసేపు కూర్చున్నాం. దారం చాలకపోతే ఏదో ఒకటి వదలాలి. ప్రతి ప్రశ్నా రాయాలని మాత్రమే నేర్చుకున్న మా అబ్బాయికి, ఏది వదలాలో ఆలోచించి తేల్చుకోవడం కొత్త చదువు.

నాలుగో గంటలో వదినకు మోకాలు పట్టేసింది. ఎదురుగా గుట్ట, పైన 80, 90 పాయింట్ల గుర్తులు రెండు. దారం ప్రకారం అక్కడికే వెళ్లాలి.

"మీరు ముగ్గురూ వెళ్లి రండి నాన్నా, నేనీ బండ మీద కూచుంటా" అంది వదిన.

"కుదరదత్తా. మీరు లేకపోతే మాకూ రావు" అన్నాడు వాడు. చేతులకు కట్టిన ట్యాగులు నలుగురివీ నమోదవ్వాలి మరి.

వాడు పటం పట్టుకుని కింద కూర్చున్నాడు. తొందర మీద ఉన్న పిల్లాడు, గుట్టకేసి చూశాడు, మళ్లీ పటం చూశాడు. కాసేపటికి ఒక సన్నటి గీత మీద వేలు పెట్టాడు. "అమ్మా, ఇది వాగు కాదు. వాగైతే ఎత్తు గీతల్ని కోసుకుంటూ దిగాలి. ఇది వాటి పక్కనే పోతోంది చూడు." నిజమే. బంగారం కడగడానికి నీళ్లు తెచ్చేందుకు ఆనాటి గనివాళ్లు గుట్ట నడుము చుట్టూ తవ్విన కాలువ అది. ఇప్పుడు ఎండిపోయింది. నీళ్లు మెల్లగా పారడానికి తవ్వింది కనుక దాని గట్టు దాదాపు చదునుగా ఉంటుంది. మోకాలు నొప్పి ఉన్న మనిషి నడవగలిగిన దారి ఆ చుట్టుపక్కల అదొక్కటే. ఆ గట్టు వెంబడి 30, 40, 50 పాయింట్ల చిన్న గుర్తులు మూడు కలిపి, వేళకు చేరాం. భోజనాల దగ్గర వేడి సూపు ఇచ్చారు. వదిన మోకాలికి ఐసు కట్టించుకుంటూ, వచ్చే ఏడాదికి దారం తానే కత్తిరిస్తానని అప్పుడే ప్రకటించింది.

మా అబ్బాయి ఒక్కడే అయితే ఆ గుట్ట ఎక్కేసేవాడు. కాలువ వాడి కంటపడేది కాదు. బలమున్న పిల్లాడి బుర్ర, బలం తగ్గిన మనిషి కోసం పనిచేసినప్పుడే ఆ దారి దొరికింది. ఆటస్థలంలో ఇది నేర్పే ఆట నాకు ఇంకోటి తెలియదు. కబడ్డీలో అవుటైనవాడు గీత బయట కూర్చుంటాడు. క్రికెట్‌లో చేతకానివాణ్ని బౌండరీ దగ్గర నిలబెడతారు. ఇందులో అందరికన్నా నెమ్మదైన మనిషి అడుగే జట్టు అడుగు, ఆ అడుగుతోనే ఎక్కువ పాయింట్లు తేవాలి.

ఇంటికి ఫోన్ చేసి ఇది చెబితే ముందొచ్చే ప్రశ్న ఆడపిల్లలను అడవిలోకి ఎలా పంపుతామని. ఆ భయం నాకు అర్థమవుతుంది, నేనూ ఆడపిల్లగానే భువనగిరిలో పెరిగాను. అయితే ఈ నిబంధనే దానికి జవాబు. ఒంటరిగా ఎవరూ ఉండరు, మెడలో ఈల ఉంటుంది. ఆపదలో ఉన్నవాళ్ల ఈల వినపడితే ఆట పక్కనపెట్టి వెళ్లాలి, అది పాయింట్లకన్నా ముందు. పద్నాలుగేళ్లలోపు పిల్లలున్న జట్టులో పెద్దవాళ్లు తప్పనిసరి. పాములంటారా, ఇక్కడి బ్రౌన్ స్నేక్ ప్రపంచంలోనే అతి విషపు పాముల్లో ఒకటి. బిగించి కట్టే బ్యాండేజీ సంచిలో పెట్టుకుని నడుస్తాం. ఎండ విషయంలో ఇక్కడివాళ్లూ వేసవిలో పెద్ద పోటీలు పెట్టరు. మనకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చాలు.

అసలు మొదలే అడవిలోకి వెళ్లనక్కర్లేదు. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయాల ప్రాంగణాలున్నాయి. ఎన్‌సీసీలో మ్యాప్ రీడింగ్ పాఠం ఎప్పటి నుంచో ఉంది. గ్రిడ్ రిఫరెన్సు, బేరింగు నేర్చుకుని పరీక్ష రాసిన పిల్లలు ఊరూరా ఉన్నారు. ఆ పాఠాన్ని తరగతి గదిలోంచి బయటికి తెస్తే సగం పని అయినట్టే.

సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. వాళ్ల తొలి శిక్షణ మా భువనగిరి బండ మీదే. మా ఊరి బండ నుంచి పిల్లలను ఎవరెస్టు దాకా పంపగలిగిన గురుకులాలకు, అదే బండ చుట్టూ పటం ఇచ్చి తిప్పడం పెద్ద పని కాదు. ఎవరెస్టుకు ఇద్దరే వెళ్లగలిగారు. ఇది బడిలో ప్రతి పిల్లా ఆడగలదు, లావుగా ఉన్నా, ఆయాసం ఉన్నా.

కష్టమైంది పటమే. ఆటకు పనికొచ్చే పటంలో పెద్ద బండ, ఎండిన కుంట, కూలిన గోడ కూడా ఉండాలి. ఒకప్పుడు మన దేశంలో పటాలు గీయడానికి ఆంక్షలు చాలా ఉండేవి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం వాటిని సడలించింది, మనవాళ్లు ముందస్తు అనుమతి లేకుండానే పటాలు తయారుచేసుకోవచ్చు. గీసేందుకు ఓపెన్ ఓరియంటీరింగ్ మ్యాపర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. కావలసింది ప్రాంగణమంతా ఓపిగ్గా నడిచి రాసుకునే మనిషి. ఒక కాలేజీలో భూగోళం అధ్యాపకుడు, ఎన్‌సీసీ అధికారి, పదిమంది విద్యార్థులు కలిస్తే ఒక సెలవుల్లో అయ్యే పని.

సంక్రాంతికి నేను భువనగిరి వస్తున్నాను. ఆ చుట్టుపక్కల ఏ బడి, ఏ కాలేజీ, ఏ గురుకులం సరేనన్నా దిక్సూచులు, గుడ్డ గుర్తులు నేను తెస్తాను, పటం గీయడం దగ్గరుండి నేర్పుతాను. జట్టుకు నలుగురు చొప్పున పిల్లలను ఎంచే పని మాత్రం పీఈటీ సారుకు అప్పగిస్తాను. నలుగురిలో ఒకరు బడిలో అందరికన్నా నెమ్మదిగా నడిచే పిల్ల కావాలి.